సాదా ఫ్లష్ తలుపులకు పట్టీలు అతికించడం ఖర్చుకు తగిన పనేనా?

బ్రాడీపేట గృహిణి, గుంటూరు

మా ఫ్లాటులో వీధి గుమ్మానికి తప్ప మిగిలిన గదులన్నింటికీ బిల్డరు బిగించిన సాదా ఫ్లష్ తలుపులే, అంటే గీతలూ పలకలూ లేకుండా రెండువైపులా నున్నగా ఉండేవే, ఉన్నాయి. పడకగది తలుపులు 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 32 మిల్లీమీటర్ల మందం. తలుపులు గట్టిగానే ఉన్నా, 2014లో వేసిన తెల్ల ఎనామిల్ పసుపెక్కిపోయి బోసిగా కనిపిస్తున్నాయి. ఈ ఏడాది ఇంటికి రంగులు వేయించబోతున్నాము కనుక, ఆ పనితోపాటే తలుపులకు రెండువైపులా సన్నని ప్లైవుడ్ పట్టీలు చట్రంలా అతికించి, పైనా కిందా రెండు పలకలు ఉన్నట్టు కనిపించేలా చేసి, అంతా ఒకే రంగు వేద్దామని మావారి ఆలోచన. ఆయనకు సెలవు రోజుల్లో రంపం, డ్రిల్లు పట్టుకునే అలవాటు ఉంది. మా బావగారు మాత్రం ససేమిరా అంటున్నారు. “పైమెరుగులకు పెట్టే డబ్బు దాచుకుని, ఏడాదికొకటి చొప్పున టేకు తలుపులు చేయించుకోండి” అన్నది ఆయన సలహా. ఇంట్లో ఈ వాదన తెగడం లేదు. ఈ పని చేసినవారూ చేయించినవారూ ఏమంటారో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పటమట విశ్రాంత ఇంజినీరు, విజయవాడ

నేను మీ బావగారి పక్షమూ కాదు, మీవారి పక్షమూ కాదు. ఆ తలుపులను సాదాగానే ఉంచమంటాను. పాత ఇళ్లలోని పలకల తలుపులకు ఆ గీతలు అందం కోసం వచ్చినవి కావు. చెక్క వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలు ముదిరాక కుంచించుకుపోతుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. అందుకే వడ్రంగులు నిలువు కమ్మీలు, అడ్డ కమ్మీలతో చట్రం కట్టి, పలకలకు జిగురు పెట్టకుండా వాటిని గాడిలో వదులుగా కూర్చోబెట్టేవారు. పలక ఉబ్బినా గాడిలోనే సర్దుకుంటుంది, తలుపు కొలత చెడదు. ఫ్లష్ తలుపు ఇదే చిక్కును మరో దారిలో తీర్చింది. లోపల చెక్క ముక్కలు పేర్చి, వాటికి రెండువైపులా ఒకదానికొకటి అడ్డంగా పొరలు అతికిస్తారు కనుక ఒక పొర కదలికను మరొక పొర పట్టి ఉంచుతుంది. అలాంటి తలుపుకు పలకల తలుపు రూపాన్ని అంటించడం నాకు వేషం కట్టినట్టే అనిపిస్తుంది.

ఇది కేవలం నా అభిరుచి అని మీరు తోసిపుచ్చవచ్చు గానీ, దుమ్ము సంగతి అలా తోసిపుచ్చలేరు. ప్రతి అడ్డ పట్టీ పైఅంచూ 6 మిల్లీమీటర్ల అరుగు అవుతుంది. వంటింటి పక్క గది తలుపు మీద ఆ అరుగులో దుమ్మూ పోపుల ఆవిరీ కలిసి జిడ్డుగా పేరుకుంటే, దాన్ని వదిలించేది మీవారో మీరో ముందే తేల్చుకోండి. అదే డబ్బుతో పాత రంగును రుద్దించి, సొట్టలకు లప్పం పెట్టించి, ప్రైమరు మీద రెండు పూతలు వేయించి, పిడులు మార్పించండి. ఇంకా మిగిలితే, ద్వారబంధానికీ గోడకూ మధ్య ప్లాస్టరు చిట్లి వంకరటింకరగా కనిపించే సందును కప్పుతూ చుట్టూ 2 అంగుళాల చెక్క పట్టీ కొట్టించండి. మన అపార్ట్‌మెంట్లలో కంటికి నాసిగా తోచేది నిజానికి ఆ సందే. నింద మాత్రం తలుపు మోస్తోంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) మించకూడదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీ తలుపుల రంగు అంతకు ముందుది కనుక దాన్ని పొడిగా గీకించకండి. తడిపి రుద్దే వాటర్ పేపరు వాడించి, పని ముగిసి నేల తుడిచేదాకా పిల్లలను అటు రానివ్వకండి.

సత్యనారాయణపురం నివాసి, విజయవాడ

ఇంజినీరు గారి చివరి పేరాకు నా పూర్తి సమ్మతి. మొదటి పేరాకు కాదు. అవసరం నుంచి పుట్టని అలంకారం వేషమైతే, గడపకు పసుపూ గుమ్మానికి తోరణమూ కూడా మానుకోవలసి వస్తుంది.

ఖర్చు సంగతి చూద్దాం. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటును యంత్రం ఉన్న చోట నిలువునా 12 పట్టీలుగా కోయించవచ్చు. రంపం తినేది పోగా ఒక్కో పట్టీ 4 అంగుళాలకు కాస్త తక్కువగా వస్తుంది. తలుపు ఒక ముఖానికి నిలువు పట్టీలు రెండు కావాలి. పైన, నడుమ, అడుగున వచ్చే అడ్డ పట్టీలు ఒక్కొక్కటి సుమారు 28 అంగుళాలే కనుక మూడూ ఒక్క పట్టీలోనే తేలతాయి. అంటే ముఖానికి మూడు పట్టీలు. ఒక షీటుతో రెండు తలుపులకు రెండువైపులా సరిపోతుంది. నాలుగు తలుపుల ఇంటికి రెండు షీట్లు, జిగురు, సన్న మేకులు, సీలెంటు చాలు. రంగుల ఖర్చు మీరు ఎలాగూ పెడుతున్నారు. పని మీవారే చేసుకుంటే, ఒక్క టేకు తలుపుకు చెక్కకూ కూలికీ పాలిష్‌కూ అయ్యేదానికంటే తక్కువలో ఇల్లంతా పూర్తవుతుంది.

ఈ నమూనాలో ఉన్న సుఖం ఏమిటంటే, ఎక్కడా 45 డిగ్రీల కోత అక్కర్లేదు. నిలువు పట్టీలు పై నుంచి కిందికి దిగుతాయి, అడ్డ పట్టీలు వాటి మధ్య వచ్చి ఆనుతాయి. మూలమట్టం పెట్టి తిన్నగా కోయగలిగితే పని అయినట్టే. నగిషీ బీడింగుతో చదరాలు కట్టాలంటే మాత్రం ప్రతి మూలలోనూ రెండు ఏటవాలు కోతలు కలవాలి, అక్కడ కాస్త తేడా వచ్చినా వెలుగు పడగానే పట్టిస్తుంది.

ఇక బావగారి టేకు సంగతి. లేత చెట్ల టేకులో చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ. చెదలనూ పురుగునూ తట్టుకునేది చేవే. సరిగా ఆరని చెక్కతో చేసిన తలుపు మొదటి వేసవికే పలకల దగ్గర సందులిస్తుంది. పైగా కొత్త తలుపు 32 మిల్లీమీటర్లకంటే మందంగా చేయిస్తే మీ ద్వారబంధాన్నీ చెక్కించాలి. మంచి టేకు మంచిదే, కాదనను. ఏడాదికొక తలుపు చొప్పున మార్చుకుంటూ పోతే, నాలుగేళ్లపాటు ఆ ఇంట్లో ఏ తలుపూ మరో తలుపుతో కలవదు.

అరండల్‌పేట వడ్రంగి, గుంటూరు

మీరంతా అందం గురించి వాదిస్తున్నారు గానీ, ఈ పని చెడిపోయేది తలుపు అంచుల దగ్గర.

ద్వారబంధంలో తలుపు వచ్చి ఆనే మెట్టును తలుపు మందానికి సరిపడా తీస్తారు. మెట్టుకు ఆనే ముఖం మీద అంచుదాకా పట్టీ అతికిస్తే తలుపు 6 మిల్లీమీటర్ల ముందే ఆగిపోతుంది, గడియ పడదు. కనుక తలుపు మూసి, ఆ వైపు నుంచి మెట్టు వెంబడి పెన్సిలుతో గీత గీయండి. పట్టీ ఆ గీతకు మరో 2 మిల్లీమీటర్లు లోపలే నిలవాలి. కీళ్లు కనిపించే రెండో ముఖం మీద వేరే చిక్కు ఉంది. కీలు గొట్టం తలుపు ముఖంకంటే కొద్దిగానే బయటికి వస్తుంది. అక్కడ పట్టీ అంచుదాకా ఉంటే, తలుపు బాగా తెరిచినప్పుడు పట్టీ మూల ద్వారబంధాన్ని తన్ని, రోజూ కొంత కొంతగా కీలు స్క్రూలను పీకేస్తుంది. కీళ్ల వైపు 10 మిల్లీమీటర్లు వదిలిపెట్టండి, లేదా ఆ అంచును చిత్రికతో ఏటవాలుగా పట్టండి. ఒకవైపు వదిలితే రెండో వైపూ అంతే వదలాలి, లేకపోతే చట్రం ఒక పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది.

తాళం గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. రెండువైపులా పట్టీ పడితే తాళం ఉన్న చోట మందం 32 నుంచి 44 మిల్లీమీటర్లకు చేరుతుంది. పాత పిడి ఇరుసు చాలదు, తాళం సిలిండరు పిడి వెనుకనుండే లోహపు పళ్లెంలోకి కుంగిపోతుంది, ఆరపార స్క్రూలు అందవు. కనుక ముందు 44 మిల్లీమీటర్లకు సరిపోయే తాళం, పిడి కొనుక్కుని, ఆ పిడి పళ్లెం మొత్తం పట్టీ మీదే కూర్చునేలా వెడల్పు నిర్ణయించుకోవాలి. పళ్లెం సగం పట్టీ మీదా సగం గాలిలోనూ ఉన్న తలుపులు నేను చూశాను. వాటిని బాగుచేయడం కొత్తగా చేయడంకంటే కష్టం.

బరువు గురించి భయం అక్కర్లేదు. రెండు ముఖాలకూ కలిపి సుమారు 5 కిలోలు పెరుగుతుంది, మూడు కీళ్లున్న తలుపు దాన్ని మోస్తుంది. రెండే ఉంటే నడుమ ఇంకొకటి వేయాలి. పట్టీ పడే మేరకు పాత ఎనామిల్‌ను చెక్క కనిపించేదాకా తీసేయండి. రంగు మీద అతికించిన పట్టీని మోసేది జిగురు కాదు, ఆ పాత రంగు పొర. తలుపుకు సన్‌మైకా ఉంటే తెల్ల జిగురు అసలే పట్టదు. తలుపు లోపల ఏముందో తెలియాలంటే పైనుంచి కిందిదాకా వేలి కణుపుతో తట్టి చూడండి. అంతటా ఒకే బరువైన శబ్దం వస్తే మేకు పట్టుకుంటుంది. డొల్లగా మోగే చోట మేకుకు పట్టు ఉండదు, అక్కడ భారమంతా జిగురు మీదే.

సింగ్‌నగర్ వాసి, విజయవాడ

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లో నిలిచాయి. నీరు తీసిన తరువాత తలుపులు పైకి బాగానే కనిపించినా, ఎండేకొద్దీ అడుగు అంచు దగ్గర పొరలు పుస్తకం పేజీల్లా విచ్చుకున్నాయి. వాటి మీద అడుగున 8 అంగుళాల పట్టీ అతికిస్తే లోపం కప్పబడుతుందని ఒక పనివారు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే విడిపోయిన పొర మీద అతికించిన పట్టీ ఆ పొరతోపాటే ఊడి వస్తుంది. వరద చూసిన తలుపులు, స్నానాల గది తలుపులు ఈ చర్చలోకి రావని నా అభిప్రాయం. వాటిని మార్చడమే మేలు. వరద లేని ఇళ్లలోనూ అడుగు అంచుకు రంగు వేసేవారు అరుదు. తలుపు బిగించి ఉండగా బ్రష్షు అక్కడికి పోదు, గది కడిగిన ప్రతిసారీ తేమ అక్కడి నుంచే పైకి పాకుతుంది.

పటమట విశ్రాంత ఇంజినీరు

వడ్రంగి గారు చెప్పిన కొలతలు చదివాక నా అభ్యంతరం ఇంకా బలపడింది. ఇన్ని జాగ్రత్తలు పడితే గానీ తలుపు తలుపులా మూసుకోదంటే, ఆ శ్రమ దేనికి? దానికి తోడు, ఒక్క ముఖానికే పట్టీలు అతికిస్తే ఆ వైపు జిగురు తేమ ఆరేటప్పుడు లాగి తలుపు విల్లులా వంగే ప్రమాదం ఉంది. డబ్బు కలిసివస్తుందని చాలామంది హాలు వైపు మాత్రమే చేయించి ఊరుకుంటారు. రెండువైపులా చేసినా, పట్టీకీ తలుపుకూ మధ్య నింపిన లప్పం ఏడాది తిరిగేసరికి వెంట్రుకంత గీతగా పగులుతుంది; తెల్ల రంగు మీద ఆ గీత నల్లగా కనిపిస్తుంది.

సత్యనారాయణపురం నివాసి

వంగే ప్రమాదం నిజమే. అందుకే రెండువైపులా చేయాలన్న మాటలో రాజీ లేదు, ఒక తలుపు తగ్గినా సరే. పగుళ్లకు కారణం మాత్రం లప్పమే. అది ఆరాక రాయిలా గట్టిపడి సాగదు కనుక, మేకు గుంటలకూ గీతలకూ తప్ప సందులకు పనికిరాదు. సందుల్లోకి రంగు పట్టే యాక్రిలిక్ సీలెంటును సన్నని గీతగా వదిలి, తడి వేలితో నున్నగా లాగితే చెక్క కదలికతోపాటు సాగుతుంది. సిలికాన్ సీలెంటు కొనకండి, దాని మీద రంగు నిలవదు. పట్టీలకు ప్లైవుడ్ ఎంచుకోవడంలోనూ ఇదే లాభం ఉంది. పొరల చెక్క కనుక ఘనమైన చెక్క పట్టీలా వెడల్పులో ఉబ్బదు.

భవానీపురం అద్దెదారు, విజయవాడ

ప్లైవుడ్‌కు బదులు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) పట్టీలు వాడవచ్చా? అంచులు నున్నగా ఉంటాయి కదా.

అరండల్‌పేట వడ్రంగి

పొడిగా ఉండే పడకగదులకు వాడవచ్చు, రంగు కూడా దాని మీద బాగా కూర్చుంటుంది. కోసిన అంచు నీరు పీల్చి ఉబ్బితే మళ్లీ పూర్వపు స్థితికి రాదు కనుక, అంచులకు ముందే రెండు పూతల ప్రైమరు వేయాలి, నేలకు దగ్గరగా వచ్చే అడుగు పట్టీకి వాడకపోవడం మంచిది. ప్లైవుడ్ అయితే ఐఎస్ 303 ముద్ర (సాధారణ వాడకపు ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ఉన్నది గదులకు చాలు. తడి తగిలే చోటికి ఐఎస్ 710 తీసుకోండి. మీది అద్దె ఇల్లు కనుక, జిగురు పెట్టే ముందు ఇంటివారి అనుమతి తీసుకోండి. జిగురుతో అతికించిన పట్టీని తరువాత పీకితే తలుపు పై పొర కూడా లేచి వస్తుంది.

బ్రాడీపేట గృహిణి

అందరికీ ధన్యవాదాలు. మా తలుపులన్నీ తట్టి చూశాము. పడకగదుల తలుపులు మూడూ ఒకే శబ్దం ఇచ్చాయి, స్నానాల గది తలుపులు అడుగున మెత్తబడి ఉన్నాయి. కనుక హాలులోకి కనిపించే రెండు పడకగది తలుపులకు రెండువైపులా పట్టీలు వేయించి, వంటింటి పక్కనున్న మూడోదాన్ని ఇంజినీరు గారు చెప్పినట్టు సాదాగానే రంగు వేయించి ఉంచుతాము. దుమ్ము విషయంలో ఆయన మాట కాదనలేకపోయాను, ఎందుకంటే ఆ తలుపు తుడిచేది నేనే. మా బావగారు ఇంకా ఒప్పుకోలేదు. స్నానాల గది తలుపుల స్థానంలో ఏవి వేయించాలన్న దాని మీద మాత్రం ఆయన సలహాయే వింటానన్నాను, దాంతో కొంత శాంతించారు. ఒక సందేహం మిగిలింది: తలుపులు దించకుండానే ఈ పని చేయవచ్చా?

అరండల్‌పేట వడ్రంగి

దించే చేయండి. పెన్సిలు గీతలు మాత్రం తలుపు బిగించి ఉండగానే గీసుకుని, తరువాత కీళ్ల స్క్రూలు విప్పి, తలుపును రెండు బల్లల మీద పడుకోబెట్టండి. పడుకోబెట్టిన తలుపు మీద పట్టీ జారదు, బరువు పెట్టి రాత్రంతా వదిలేయవచ్చు. రెండో ముఖం మరుసటి రోజు. తిరిగి బిగించే ముందు సింగ్‌నగర్ వారు చెప్పిన అడుగు అంచుకూ, ఎవరికీ కనిపించని పైఅంచుకూ ప్రైమరు, రంగు రెండేసి పూతలు వేయండి. తాళం రంధ్రం పట్టీలు ఆరాకే తొలచాలి.