అప్‌డేట్: నాన్న స్పీకర్లు మళ్లీ పలికాయి

పోయిన నెల ఇక్కడ అడిగాను, 1984లో నాన్న కొన్న స్పీకర్లలో ఎడమదాంట్లో సన్నని శబ్దాలు మూగబోయాయి, వాటిని పలికించే చిన్న స్పీకర్ (ట్వీటర్) పోయిందా అని. ముందు క్రాసోవర్‌లో (సన్నని, బొంగురు శబ్దాలను విడదీసి పంపే బోర్డు) కెపాసిటర్లు చూడమని మీరు చెప్పారు. అదే నిజమైంది.

మాది కావలి. ఉప్పుగాలికి మరలు తుప్పుపట్టి, నూనె చుక్కలు వేసి గంట ఆగితేగానీ కదల్లేదు. కెపాసిటర్ తీగకాలు ఒకటి ఊడదీసి కొలిస్తే, 4.7 మైక్రోఫారడ్ (కెపాసిటర్ సామర్థ్యపు కొలత) ఉండాల్సిన నాన్‌పోలార్ ఎలక్ట్రోలైటిక్ (ప్లస్, మైనస్ తేడా లేని రకం) ఎడమదాంట్లో 2.9 చూపించింది. కాలి మొదట్లో రబ్బరు పగిలి, గోధుమరంగు మరక. కుడిది కాస్త నయం, అయినా రెండూ మార్చాను. ఒకటే మారిస్తే రెండువైపులా ఒకే గొంతు రాదు.

నెల్లూరు ట్రంక్ రోడ్డులో 250 వోల్టుల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ (ప్లాస్టిక్ పొర) కెపాసిటర్లు దొరికాయి. పాతది చిటికెనవేలి కణుపంత, ఇది బొటనవేలంత! బోర్డు మీద పడుకోబెట్టి, గ్లూ పెట్టి, కేబుల్ టై బిగించాను.

మొదట 'స' అక్షరం చెవిలో గుచ్చింది. ఫిల్మ్ కెపాసిటర్‌కి లోపలి రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) బాగా తక్కువ, అందుకే. ట్వీటర్‌కి సిరీస్‌లో 0.47 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ వేశాక సర్దుకుంది.

రాత్రి నాన్న నాదస్వరం క్యాసెట్ పెట్టారు. తాళాల మోత చివరిదాకా సన్నగా వినబడింది. ఆయనే లేచి క్యాసెట్ తిప్పి, రెండోవైపు కూడా విన్నారు.