రెండు రోజుల జ్వరానికి వైడాల్ చేసి టైఫాయిడ్ అనేయొచ్చా?

బెజవాడ బుల్లోడు:
మా చెల్లికి జ్వరం వచ్చిన రెండో రోజే టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ రక్తపరీక్ష చేయించారు. 'ఓ' 1:160, 'హెచ్' 1:160. టైఫాయిడ్ అని రోజూ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. పోయినేడాదీ ఇదే రిపోర్టు, ఇదే ఇంజెక్షన్. ఇంట్లో అందరూ 'తిరగబెట్టింది' అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఇంకో సందేహం. పచ్చి గుడ్డు మయోనైజ్‌ని 2024లో తెలంగాణలో నిషేధించారు కదా, అందులో ఉంటుందన్న సాల్మొనెల్లా క్రిమి, ఈ టైఫాయిడ్ క్రిమి ఒకటేనా? వారం కిందట షవర్మా తిన్నది లెండి.

కల్చర్ ప్లేటు:
రెండో ప్రశ్న ముందు. ఇంటిపేరు ఒకటే, తీరు వేరు. సాల్మొనెల్లాలో 2500కు పైగా రకాలున్నాయి. గుడ్లు, కోడిమాంసంతో వచ్చేవి ఎక్కువగా ఎంటరైటిడిస్, టైఫిమ్యూరియం. తిన్న ఆరు గంటల నుంచి ఆరు రోజుల్లోపు విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు సాధారణంగా వారంలో తగ్గిపోతుంది. ఓఆర్ఎస్ తాగితే చాలు, యాంటిబయాటిక్ అక్కర్లేదు. పసిపిల్లలకు, పెద్దవయసువాళ్లకు మాత్రం రక్తంలోకి పాకే ప్రమాదం ఉంది.

టైఫాయిడ్ తెచ్చే టైఫీ మనుషుల్లోనే ఉంటుంది. దాని మూలం కోడి కాదు, మలం కలిసిన నీళ్లు, తిండి. ఒంట్లోకి వెళ్లాక వారం రెండు వారాలు బయటపడదు. తర్వాత జ్వరం రోజురోజుకీ పెరుగుతుంది. వదిలేస్తే మూడో వారంలో పేగుకు చిల్లు పడొచ్చు. పారాటైఫీ 'ఎ' కూడా ఇలాంటి జ్వరమే తెస్తుంది.

ఇక వైడాల్. 1896 నాటి పరీక్ష అది. క్రిమిని పట్టుకోదు, దాని మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూస్తుంది. 'ఓ', 'హెచ్' అంటే ఆ యాంటీబాడీలు గుర్తుపట్టే క్రిమి భాగాలు (యాంటిజెన్లు). 1:160 అంటే రక్తరసిని 160 రెట్లు పలచన చేసినా అవి కనిపించాయని. అవి బాగా పెరిగేది రెండో వారంలో. రెండో రోజుకే 1:160 ఉందంటే అది పాత బాకీ, అంటే ఎప్పుడో తయారైన యాంటీబాడీలు కావచ్చు. మలేరియాలోనూ పాజిటివ్ రావచ్చు. పైగా ఎంటరైటిడిస్‌కూ టైఫీకీ 'ఓ' యాంటిజెన్లు ఉమ్మడి, కాబట్టి షవర్మా క్రిమి కూడా ఆ అంకెను పెంచగలదు. తిరగబెట్టడమంటే మందు ఆపిన కొన్ని వారాల్లో జ్వరం మళ్లీ రావడం. ఏడాది తర్వాత వచ్చినదాన్ని అలా అనరు.

పల్లె డాక్టరు:
మేడమ్ చెప్పినవన్నీ కరెక్టే. కానీ నేను కూర్చునేది మండల కేంద్రంలో. బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేసే ల్యాబ్‌కి రెండు బస్సులు మారాలి, రిపోర్టుకు రెండు మూడు రోజులు ఆగాలి. అప్పుడైనా నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందినే పట్టుకుంటుంది. నా దగ్గరికి వచ్చేలోపే ఆర్ఎంపీ దగ్గర యాంటిబయాటిక్ పడి ఉంటుంది, ఇక కల్చర్‌లో ఏం పెరుగుతుంది? జ్వరం ఏడో రోజు, నాలుక మీద పూత, కడుపు ఉబ్బరం, వైడాల్ ఎక్కువ. మనిషి చూస్తే కూలికి పోవాలి. మందు రాయకుండా కూర్చోమంటారా?

కల్చర్ ప్లేటు:
ఏడో రోజు మీరు మందు రాస్తే నేనెందుకు తప్పుపడతాను? నా గొడవ రెండో రోజు వైడాల్ గురించే. కల్చర్‌లో క్రిమి దొరికితే ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ తిరుగులేని మందు. ఇప్పుడు మన దేశంలో టైఫీ చాలావరకు దానికి లొంగడం లేదు. మిగిలినవి ముఖ్యంగా సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్. 2016లో పాకిస్తాన్‌లో, సింధ్‌లోని హైదరాబాద్‌లో (మనది కాదు, కంగారుపడకండి) సెఫ్ట్రియాక్సోన్‌కీ లొంగని రకం బయటపడింది. ప్రతి వైరల్ జ్వరానికీ అదే ఇంజెక్షన్ పొడిస్తే మన దగ్గరా అంతే అవుతుంది.

చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం సంగతి ఇంకా భయం. దానికి డాక్సీసైక్లిన్ కావాలి, సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు. వైడాల్ చూసి టైఫాయిడ్ అనుకుంటే ఆ కాటు దగ్గర ఒంటి మీద ఏర్పడే నల్లటి పెచ్చు కోసం వెతికేదెవరు?

ఉప్పల్ అక్క:
ఇన్ని మాటలెందుకు? మా బాబుకి వైడాల్ చూసే ఇంజెక్షన్ ఇచ్చారు, మర్నాటికల్లా జ్వరం దిగింది. టైఫాయిడ్ కాకపోతే ఎలా తగ్గింది?

పల్లె డాక్టరు:
అక్కా, మర్నాడే దిగిందంటేనే నాకు అనుమానం. నిజం టైఫాయిడ్‌లో సరైన మందు పడ్డా జ్వరం దిగడానికి తరచూ నాలుగైదు రోజులు పడుతుంది. ఈలోగా మా పేషెంట్లు డాక్టర్‌ని మార్చేస్తారు. వైరల్ జ్వరం తనంతట తానే పోతుంది, పేరేమో ఇంజెక్షన్‌కి వస్తుంది.

నల్లానీళ్లు:
2022 వానాకాలంలో తెలంగాణ ప్రజారోగ్య సంచాలకులు టైఫాయిడ్‌ని పానీపూరీ వ్యాధి అనొచ్చన్నారు. బండివాడిని అనడం తేలిక. మా గల్లీలో డ్రైనేజీ పక్కనే నల్లా పైపు పగిలింది, దాని పేరు పెట్టరేం? టైఫాయిడ్ కాంజుగేట్ టీకా తయారయ్యేది మన హైదరాబాద్‌లో, భారత్ బయోటెక్‌లో. 2019లో సింధ్ పిల్లలకు అక్కడి సర్కారే వేయించింది. మనమేమో వైడాల్ మీద కొట్టుకుంటున్నాం.

కల్చర్ ప్లేటు:
టీకా తప్పకుండా వేయించాలి. కాకపోతే అది పారాటైఫీని ఆపదు.

బెజవాడ బుల్లోడు:
ఇప్పటికే రెండు ఇంజెక్షన్లు పడ్డాయి. ఇప్పుడు కల్చర్‌కి ఇస్తే ఉపయోగం ఉంటుందా?

కల్చర్ ప్లేటు:
ఇవ్వొచ్చు, దొరికే అవకాశం తక్కువ. నెగిటివ్ వచ్చినా టైఫాయిడ్ లేదని కాదు. మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ పరీక్షల గురించి మీ డాక్టర్‌ని అడగండి. ఆయనకు చెప్పకుండా మందు మధ్యలో ఆపొద్దు.

పల్లె డాక్టరు:
కల్చర్ నెగిటివ్ వచ్చినా మందు ఆపొద్దు అంటున్నారు. పొద్దున్నుంచీ నేను మొత్తుకుంటున్నదీ అదే కదా మేడమ్?