అప్‌డేట్: గొంతు పెంచితే ఆలోచన ఎందుకు ఆగిపోతుంది?

ఎవరైనా గట్టిగా మాట్లాడగానే చిన్నప్పుడు హింస చూసినవాళ్ల మెదడు ఎందుకు మొద్దుబారుతుంది, మందులతో తగ్గుతుందా అని అడిగాను కదా. మీ జవాబులు, తర్వాత చదివినవి కలిపితే తేలిందిది.

అలాంటివాళ్లలో, మెదడులో అపాయాన్ని పసిగట్టే భాగమైన అమిగ్డలా చిన్నతనంలోనే అతిగా స్పందించడానికి అలవాటుపడుతుంది. గొంతు పెరగగానే ఒంటిని అప్రమత్తం చేసే రసాయనం నోర్‌అడ్రినలిన్ ఎగబాకి, ఆలోచనను నడిపే మెదడు ముందు భాగం (ప్రీఫ్రంటల్ కార్టెక్స్) పట్టు సడలుతుంది. అందుకే అప్పుడు నోట మాట రాదు. అరగంటయ్యాక జవాబులన్నీ వరసగా తడతాయి. దీన్ని మొండితనమనడం అన్యాయం.

చికిత్సలో ముందు వరస ట్రామా (మనసుకు తగిలిన లోతైన గాయం) మీద పనిచేసే సీబీటీ (ఆలోచనల తీరు, ప్రవర్తన మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ పాత జ్ఞాపకాన్ని తలుచుకునే చికిత్స). సీబీటీకి మామూలుగా 8 నుంచి 12 సెషన్లు; ఏళ్ల తరబడి హింస పడ్డవారికి ఇంకా ఎక్కువే. డిప్రెషన్‌కు, ఆందోళనకు వాడే సెర్ట్రలిన్ లాంటి మందులు తోడుగా పనికొస్తాయి. ఆందోళనను త్వరగా తగ్గించే మందు ఆల్‌ప్రజోలం ఆ పూటకి ఊరటే గానీ అలవాటైపోతుంది. (వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.)

బెడిసికొట్టేది ఎక్కడంటే, జ్ఞాపకాలను కదిపిన కొత్తలో పీడకలలు, ఉలికిపాట్లు పెరగొచ్చు. కొందరు అక్కడే మానేస్తారు. అందుకని గ్రౌండింగ్ (మనసును ఇప్పటి క్షణానికి తెచ్చుకోవడం) ముందే నేర్చుకోవాలి: పాదాలు నేలకి గట్టిగా ఆనించి, కళ్లు తెరిచి, ఎదురుగా కనిపించే 5 వస్తువుల పేర్లు పైకి చెప్పడం. సెషన్ చివరి 10 నిమిషాలు దీనికే ఉంచమని థెరపిస్టుని అడగండి.