చిత్తడి నేలకు గేటు పెడితే మేలా, కీడా?

అడిగినవారు: నీటిపక్షి
నీరు బయటికి పోయే దారిలో గేటు పెడితే వేసవిలో చిత్తడి నేల ఎండదు, పక్షులు నిలుస్తాయి అంటున్నారు. గేటు పెడితే అది ఉత్త చెరువైపోతుందని ఇంకొందరు. మీరేమంటారు?

తుంగదుబ్బు
నాది రెండో మాట. మణిపూర్‌లోని లోక్‌తాక్ సరస్సునే చూడండి. జలవిద్యుత్తు కోసం 1983లో ఇథాయ్ బ్యారేజీ వచ్చింది. అంతకుముందు ఎండాకాలం మట్టం తగ్గగానే ఫుమ్డీలు (గడ్డి, వేళ్లు, కుళ్లిన మట్టి కలిసిన తేలే తెప్పలు) అడుగుకు ఆనేవి. వేళ్లు నేలలోంచి సత్తువ తీసుకునేవి, వానలకు మళ్లీ లేచేవి. ఇప్పుడు ఏడాది పొడవునా నీరు ఎత్తుగానే ఉండటంతో అవి సరిగా దిగడం లేదు, పలచబడుతున్నాయి. సంగాయి జింకలు తిరిగేది వాటిమీదే. నీళ్లు నిండుగా ఉన్నాయని మురిసిపోతే ఎలా?

పలకలతూము
అక్కడ మట్టాన్ని నిర్ణయించింది టర్బైన్ల అవసరమండీ. దానికి గేట్లన్నిటినీ తిడితే ఎలా? అలుగు కడితే దాని ఎత్తే శాసనం, మార్చలేం. చెక్క పలకల తూమైతే ఒక్కో పలక తీస్తూ వారాల తరబడి మెల్లగా దించొచ్చు. బురద బయటపడితే విత్తనాలు మొలుస్తాయి, మళ్లీ నింపితే బాతులకు మేత. మట్టం కదలకుండా ఉంచితేనే జమ్ము అంతా కమ్మేస్తుంది.

తుంగదుబ్బు
కాగితం మీద బాగానే ఉంది. పలకలన్నీ తీసినా నీరు దిగేది తూము గడప దాకే, ఆ కిందిది ఎండకు ఆవిరి కావాల్సిందే. పైనుంచి రాకపోతే ఎన్ని పలకలు వేసినా నిండదు. పైగా సల్ఫైడ్లు (గంధకం కలిసిన ఖనిజాలు) ఉన్న మట్టిని ఎండబెడితే గాలి తగిలి ఆమ్లం పుడుతుంది, అక్కడ దించడమే ప్రమాదం.

ఉప్పుగాలి
మీరిద్దరూ నీటి ఎత్తు గురించే మాట్లాడుతున్నారు. కేరళలో వెంబనాడ్ సరస్సు మీది తణ్ణీర్‌ముక్కం కట్టను కుట్టనాడ్ వరికి ఉప్పునీరు తగలకుండా మూస్తారు. పైరుకు మేలే. కానీ ఉప్పు రాక గుర్రపుడెక్క పెరిగిపోతుంది, సముద్రం నుంచి వచ్చే రొయ్యపిల్లలకు దారి మూసుకుపోతుంది. మట్టం బాగుందనిపించే చోట కూడా ఇంత నష్టం.

పలకలతూము
ఒప్పుకుంటా. అందుకే ఏ నెలలో ఎంత మట్టమో, ఎప్పుడు తెరవాలో పట్టిక ముందే రాసుకోవాలి.

ఉప్పుగాలి
ఎవరికోసం రాస్తారు? బురదలో ఏరుకునే పక్షులకు చీలమండలోతు చాలు. చాలా చేపలకేమో గడ్డి మునిగితేనే గుడ్లు పెట్టే చోటు. రెండింటి కాలం ఒక్కటైతే పలక వేస్తారా, తీస్తారా?