తిరగమోతకు ఆలివ్ నూనె: దండగా? పండగా?

చింతచిగురు (విజయవాడ):
మా ఆయనకు మొన్న రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చింది. డాక్టరుగారు "నూనె తగ్గించండి" అన్నారు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి "నూనె మార్చు" అంది. రెండోది సులువనిపించి ఐదు లీటర్ల ఆలివ్ నూనె డబ్బా కొన్నాను. ఆ డబ్బు పెడితే పల్లీ నూనె నెలల తరబడి వచ్చేది. తీరా టమాటా పప్పు నోట్లో పెట్టుకుని మా అత్తగారు "తిరగమోత వేయడం మర్చిపోయావా?" అన్నారు. ఇంగువతో సహా అన్నీ వేశాను! పైగా ఈ నూనె కాచితే విషమవుతుందని పక్కింటావిడ టెన్షన్ పెట్టింది. రోజువారీ కూరలకు ఇది వాడొచ్చా, వద్దా?

గానుగెద్దు (అనంతపురం):
మా జిల్లాలో వేరుశనగకు ధర రాక రైతు ఏడుస్తుంటే, స్పెయిన్ నుంచి ఓడెక్కి వచ్చే నూనె మీద మోజెందుకండీ? ఆలివ్‌లో గొప్పగా చెప్పే ఓలిక్ ఆమ్లమనే కొవ్వు పల్లీ నూనెలోనూ సగం దాకా ఉంటుంది. మా తాత తొంభై ఏళ్లు గానుగ నూనే తిన్నాడు. ఏ జబ్బూ లేదు.

తిరగలి (కరీంనగర్):
తాతగారు ఎంత నూనె తిన్నారో కూడా చెప్పండి. మా నాయనమ్మ కూరకు చిన్న గుంటగరిటెడు పోసేది, అదీ మూకుడు వైపు అనుమానంగా చూసుకుంటూ. మూకుడు నిండా నూనె పోసేది పండగకే. ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం పూరీలు, వానపడితే బజ్జీలు. తాతల్ని సాక్ష్యానికి పిలిచేముందు వాళ్లు పొలానికి నడిచిన దూరం కూడా లెక్కలో వేయాలి.

వాలెన్సియా బాబు:
ఆరేళ్లుగా స్పెయిన్‌లో ఉంటున్నాను. ఇక్కడ గుడ్డు వేయించినా, బంగాళాదుంప వేయించినా ఆలివ్ నూనే. కాచితే విషమన్నది పుకారు. ఎక్స్‌ట్రా వర్జిన్ రకం ఆలివ్ నూనెకు పొగ సుమారు 190 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. గారెలు వేగేది 170, 180 మధ్య. పొగలు కక్కేదాకా వదిలేస్తే ఏ నూనైనా పాడే. వేయించగా మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం అంతకంటే చెడ్డ అలవాటు.

అలాగని మా వాళ్ల నూనెను నెత్తినెత్తుకోను. ఆలివ్ నూనె గుండెకు మంచిదనడానికి అందరూ చెప్పే పెద్ద పరిశోధన ప్రెడిమెడ్ ఇక్కడిదే. 7,400 పైచిలుకు మందితో చేసి 2013లో అచ్చువేశారు. మనుషుల్ని గుంపులుగా పంచిన తీరులో లోపాలు బయటపడి 2018లో వెనక్కి తీసుకుని, లెక్క సరిచేసి మళ్లీ వేశారు. ఫలితం దాదాపు అదే వచ్చింది: ఈ నూనె ఇచ్చిన గుంపులో గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 30 శాతం తక్కువ. అయితే ఇంకో గుంపుకు ఈ నూనె కాకుండా రోజుకు 30 గ్రాముల అక్రోటు, బాదం, హేజెల్ గింజలు ఇచ్చారు. వాళ్లకూ దాదాపు అంతే మేలు! రెండు గుంపులకూ కూరగాయలు, చిక్కుళ్లు, చేపలు ఎక్కువగా తినమని చెప్పారు మరి. ఇడ్లీ, పూరీ, బిర్యానీ యథాతథంగా ఉంచి నూనె ఒక్కటీ మారిస్తే ఏమవుతుందో ఆ పరిశోధన చెప్పదు.

చింతచిగురుగారూ, ఓసారి డబ్బా మీద చదవండి. ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే పండు నూరి, వేడి, రసాయనాల సాయం లేకుండా తీసింది. ఆమ్లత 0.8 శాతం దాటకూడదు. మంచిదైతే మింగినప్పుడు గొంతులో మిరియం తగిలినట్టు గరగరమంటుంది. పోమేస్ అని ఉంటే, మిగిలిన పిప్పి నుంచి ద్రావణితో రాబట్టి శుద్ధి చేసింది. ఐదు లీటర్లు, రుచీ వాసనా లేదంటున్నారు, నాకెందుకో అనుమానం.

చింతచిగురు:
కళ్లజోడు పెట్టుకుని చూశాను. పోమేసే. కాయల బొమ్మ అరచేయంత, ఈ మాట చీమ తలకాయంత!

గానుగెద్దు:
చూశారా? పిప్పి నూనెకు అంత సొమ్ము! సందు చివర గానుగలో కళ్లముందు ఆడించి ఇస్తారు కదండీ.

తిరగలి:
పారబోయకండి, పోమేస్‌తో వండుకుంటే ప్రమాదమేమీ లేదు. కొవ్వుల పొందిక దాదాపు ఆలివ్‌దే. గొంతు గరగరపెట్టే పదార్థాలు మాత్రం శుద్ధిలో చాలావరకు పోతాయి. గానుగెద్దుగారూ, కళ్లముందు ఆడిస్తే సరే, లేబుల్ లేని సీసాలో ముందే నింపి పెట్టింది ఏమిటో ఎవరికి ఎరుక?

అసలు సంగతి ఎవరూ అడగలేదు. నెలకు మీ ఇంట్లో ఎంత నూనె అవుతుందమ్మా?

చింతచిగురు:
నలుగురం. ఐదు లీటర్లు. పండగ వస్తే ఆరు.

తిరగలి:
లీటరు నూనె సుమారు 910 గ్రాములు. ఐదు లీటర్లంటే 4,550. నలుగురికి, ముప్పై రోజులకు పంచితే తలకు రోజుకు 38 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో, ఏది ఎంత తినాలో చెబుతూ ఇచ్చిన పళ్లెం లెక్కలో రోజుకు 2,000 కేలరీల భోజనానికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములే. అంటే మీ ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. బయట తినే మిర్చి బజ్జీ ఇందులో కలపలేదు. ఆలివ్ అయినా, పల్లీ అయినా గ్రాముకు 9 కేలరీలు తప్పవు. మీ డాక్టరుగారు చెప్పిందీ ఇదే, అమ్మాయి మాట ముందు వినబడలేదు.

గానుగెద్దు:
దీనికి ఒప్పుకుంటాను. ఆ మూడున్నరా పల్లీ నూనె అయితే నష్టమేంటి?

వాలెన్సియా బాబు:
కొలెస్ట్రాల్ పెంచే సంతృప్త కొవ్వు దాంట్లో కాస్త ఎక్కువ, అంతే. అందుకోసం ఇల్లు గుల్ల చేసుకోనక్కర్లేదు. నేనైతే చిన్న ఎక్స్‌ట్రా వర్జిన్ సీసా కొని పొయ్యికి, ఎండకు దూరంగా పెట్టి, నానిన పెసరపప్పు, కీరా ముక్కలు, నిమ్మరసం కలిపి పైన ఒక్క చెంచా పచ్చిగా వేసుకుంటాను. తిరగమోతలో దాని రుచి ఇంగువ కింద పడి చచ్చిపోతుంది. మా అమ్మ పంపిన ఆవకాయలో పప్పు నూనె (నువ్వుల నూనె) తప్ప ఇంకోటి ఊహించలేను.

చింతచిగురు:
డబ్బా అయ్యేదాకా ఉప్మాకు, వేపుళ్లకు వాడేస్తాను. పప్పు తిరగమోత మాత్రం ఒక చెంచా పప్పు నూనెతో, అత్తగారి శాసనం. వంపడం మానేసి చెంచాతో కొలుస్తున్నాను. రెండో రోజే బెండకాయ వేపుడు అడుగంటింది. నూనె తక్కువైతే ఎలా వేయించాలో చెప్పండి.

తిరగలి:
కడిగి, పూర్తిగా ఆరాకే తరగండి. వెడల్పాటి మూకుడు, సన్నమంట, మూత పెట్టొద్దు. ఉప్పు చివర్న.