చంద్రుడికి "కంత", ధ్రువుడికి "పై": పోతన ఎందుకు మార్చాడు?

న్యూటోనియన్ టెలిస్కోప్ (అద్దాలతో పనిచేసేది) కొలిమేషన్, అంటే అద్దాల అమరిక, సరిచూడటానికి ధ్రువనక్షత్రాన్ని కాస్త ఫోకస్ తప్పించాను. చుక్క వలయాలుగా విచ్చుకుంటుంటే పోతన భాగవతంలో వామనుడు ఆకాశాన్నంటేలా పెరిగే "ఇంతింతై వటుడింతయై" పద్యం గుర్తొచ్చింది. "నంతై చంద్రుని కంతయై ధ్రువుని..." తర్వాత "కంతై"యా, "పై నంతై"యా? చంద్రుడికి "కి" ఉంది కాబట్టి ధ్రువుడికీ అదే ఉండాలనిపిస్తోంది.

— "ధ్రువునిపై నంతై మహర్వాటిపై". శార్దూలం కదండీ, "కంతై" అంటే ఒక గురువు తగ్గుతుంది, పదమూడో అక్షరం దగ్గర యతీ పోతుంది.

— అసలు చిక్కు చంద్రుడి దగ్గరే ఉంది. "చంద్రునిపై నంతై" అంటే ఏడో అక్షరం గురువై గణం చెడుతుంది. ఆ "కి" ఛందస్సు తెచ్చిందే, అందులో అర్థం వెతకక్కర్లేదు.

— ఒప్పుకోను. గణం కోసం విభక్తి మార్చుకునే కవి కాదు పోతన. పై పాదంలో "తోయదమండలాగ్రమున కల్లంతై" చూడండి, అక్కడా "కు"నే. "కు" అంటే అందుకోవడం, "పై" అంటే దాటడం. మేఘాల అంచు అందుకున్నాడు, ప్రభారాశిని దాటాడు, చంద్రుణ్ణి అందుకున్నాడు, ధ్రువుణ్ణి దాటాడు. ఆ పెరుగుదలకు ఒక లయ ఉంది.

— మరి "నభోవీధిపై" మాటేమిటి? ఆకాశాన్ని దాటేసిన వాడు తర్వాత మేఘాలను అందుకోవడమేమిటి? అక్కడ "పై" అంటే "మీద" అనే. ఒకే పద్యంలో ఒకే "పై"కి రెండర్థాలు ఎలా ఒప్పుతాయి?

— అడిగినవారికి ఒక మాట. వలయాలను "ఇంతింతై" పెరగనివ్వకండి! బాగా ఫోకస్ తప్పిస్తే చిన్న తేడా కనబడదు. పైగా ఎఫ్/5 (ఫోకల్ దూరం వ్యాసానికి ఐదు రెట్లు) లాంటి అద్దాల్లో సెకండరీ (గొట్టంలోని చిన్న అద్దం) నీడ సహజంగానే కొంచెం పక్కకు ఉంటుంది. దాన్ని చూసి స్క్రూలు తిప్పితే బాగున్నది చెడుతుంది. నాలుగైదు వలయాలు చాలు. ఆరంగుళాల అద్దానికి 150 రెట్లు మాగ్నిఫికేషన్ పెట్టండి, గొట్టం చల్లబడ్డాకే చూడండి. స్క్రూ తిప్పిన ప్రతిసారీ చుక్క పక్కకు జరుగుతుంది. మళ్ళీ మధ్యకు తెచ్చాకే వలయాలు ఏకకేంద్రంగా ఉన్నాయో లేదో చెప్పగలం. మోటారు లేనివారికి ధ్రువుడే మేలు. ఉత్తర ధ్రువబిందువుకు ఒక డిగ్రీ లోపే ఉంటాడు, చూపులోంచి జారిపోడు.

— ఈ పద్యం దగ్గరే ఆగిపోతారేం, తర్వాతి "రవిబింబం బుపమింప" చదవండి. గొడుగు, శిరోరత్నం, చెవికి నగ, కంఠాభరణం, కేయూరం, కంకణం, మొలగంట, అందె, చివరికి పాదపీఠం. సూర్యుడు ఉన్నచోటే ఉన్నాడు, వామనుడే పైకి పోయాడు. ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది.

— వలయాలు ఒకపక్కకు నొక్కుకుని ఉన్నాయి, మీరు చెప్పినట్టే సరిచేస్తాను. కానీ ప్రభారాశి అంటే సూర్యుడేనా?

— సూర్యుడే. భాగవతంలో చంద్రమండలం సూర్యుడికి పైనే, అందుకే ఆ వరుస.

— అయితే ఇంకా మంచిది. సూర్యుణ్ణి దాటితేనే కదా చంద్రుణ్ణి "అందుకునేది". ఆ "కి" ఛందస్సు కోసం రాలేదనే ఇప్పటికీ అంటాను.

— "నభోవీధిపై" గురించి ఇంకా జవాబు రాలేదు.