పికప్ వెనక డోరు బందుల దగ్గర వెల్డింగ్ చిట్లింది: ఇది ఓవర్‌లోడా, తయారీ లోపమా?

మిర్చిలోడ్_నరసరావుపేట

కంపెనీ బాడీతోనే వచ్చిన పికప్. కొని 8 నెలలైంది, 14,200 కిలోమీటర్లు తిరిగింది. వెనక డోరుకి కింద మూడు బందులు (హింజీలు) ఉన్నాయి. కుడి చివరి బందు పట్టీ దగ్గర వెల్డింగ్ అంచు వెంట 35 మిల్లీమీటర్లు చిట్లింది. ఎడమ చివరి బందు దగ్గర వెంట్రుక మందాన గీత, 12 మిల్లీమీటర్లు ఉంటుంది. మధ్య బందు చెక్కుచెదరలేదు. డోరు రేకు మీద సొట్టల్లేవు, స్కేలు ఆనించి చూస్తే ఎక్కడా వంపు కనపడలేదు.

డోరు పొడవు 170 సెంటీమీటర్లు, ఎత్తు 40. చివరి రెండు బందుల మధ్య దూరం 140. డోరు దించితే రెండు మూలల్లో గొలుసులు పట్టుకుని బల్లపరుపుగా నిలుస్తుంది. ఎడమ గొలుసు మాత్రం కాస్త వదులుగా వేలాడుతుంది, కుడిది బిగుసుకుని ఉంటుంది. మొదటినుంచీ అంతే.

లోడు ఎక్కువగా మిర్చి టిక్కీలు (బస్తాలు), ఒక్కోటి 45 కిలోల లోపు. దించేటప్పుడు హమాలీలు డోరు మీద నిలబడతారు, ఒక్కోసారి ఇద్దరు. షోరూమ్ సర్వీసులో చూసి "ఓవర్‌లోడ్ వల్ల వచ్చింది, వారంటీ రాదు, బయట వెల్డింగ్ కొట్టించుకోండి" అన్నారు. నోటిమాటే, కాగితం ఏమీ ఇవ్వలేదు. నిజంగా ఓవర్‌లోడేనా? కాకపోతే ఎలా నిరూపించాలి? డోరుకి బలం పెంచాలంటే ఏం చేయాలి?

బాడీవర్క్స్_ఆటోనగర్

అండీ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఎడమ గొలుసు వదులుగా ఉందన్నారు చూడండి, అసలు సంగతి అదే.

లెక్క ఇలా చూడండి. డోరు ఎత్తు 40, గొలుసు పైకొన కూడా బందుల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే గొలుసు 45 డిగ్రీల వాలుతో, సుమారు 56.5 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఇద్దరు మనుషులు, చేతిలో సరుకు కలిపి 200 కిలోలు డోరు బయటి అంచు మధ్యలో పడితే ఒక్కో గొలుసు 100 కిలోలు పైకి మోయాలి. గొలుసు ఏటవాలుగా ఉంది కాబట్టి దానిలో లాగుడు 141 కిలోలవుతుంది. ఇలా రెండు గొలుసులూ సమానంగా పట్టుకున్నంతకాలం బందుల మీద కిందికీ పైకీ పడే బలం దాదాపు ఉండదు. డోరుని లోపలికి నొక్కే బలమే ఉంటుంది, దాన్ని బందులు తేలిగ్గా తట్టుకుంటాయి.

ఇప్పుడు ఎడమ గొలుసు వదులు. అదే 200 కిలోలకి కుడి గొలుసు ఒక్కటే పనిచేస్తుంది, దానిలో లాగుడు 283 కిలోలకు చేరుతుంది. అంతటితో ఆగదు. బరువు మధ్యలో, పట్టు కుడి మూలలో ఉంది కాబట్టి డోరు ఎడమకి ఒరగాలని చూస్తుంది. ఆ ఒరుగుడుని ఆపాల్సింది బందులే. 200 కిలోలు × 85 సెంటీమీటర్లు ÷ 140 సెంటీమీటర్లు, అంటే సుమారు 121 కిలోలు. ఎడమ బందు మీద ఆ బలం కిందికి నొక్కుతుంది, కుడి బందు దగ్గర అంతే బలంతో డోరు పైకి లేస్తుంది. మధ్య బందుకి ఏమీ తగలదు. తక్కెడ కాడ మధ్యలో ముల్లు ఎలా నిలబడుతుందో అది అలా నిలబడుతుంది.

డోరు దించినప్పుడు బందు పట్టీ రేకుకి అడుగున ఉంటుంది. ఎడమవైపు రేకు పట్టీ మీద కూర్చుంటుంది, కుడివైపు రేకు పట్టీ నుంచి ఊడాలని చూస్తుంది. అందుకే కుడివైపు 35 మిల్లీమీటర్లు, ఎడమవైపు 12. మీ డోరు చిట్లిన తీరు ఈ లెక్కకి అచ్చంగా సరిపోతోంది. పైగా ఇది నిలకడగా పెట్టిన బరువుకి వేసిన లెక్క. మనిషి ఒక్కసారిగా అడుగేస్తే లెక్కలో రెట్టింపు, దూకితే ఇంకా ఎక్కువ.

ఓవర్‌లోడ్ అయితే గుర్తులు వేరేగా ఉంటాయి. ఎక్కువ లోడు బాడీ నేల మీద, కమాన్ల (చక్రాల దగ్గరి స్ప్రింగు పట్టీల) మీద పడుతుంది. మూసిన డోరు మీద పడేది ఎత్తు ఎక్కేటప్పుడు సరుకు వెనక్కి జరిగి నెట్టే బలమే. అది డోరు మధ్యను బయటికి ఉబ్బిస్తుంది, పక్క కొండీలను వంచుతుంది, మధ్య బందునీ వదలదు. మీ డోరుకి వంపు లేదు, మధ్య బందు బాగుంది.

ఇప్పుడు ఈ మూడు పనులు చేయండి, రెంచీ కూడా అక్కర్లేదు.

రెండు గొలుసుల్నీ విడిగా సాగదీసి కొలవండి, కడియాలు లెక్కపెట్టండి. ఒక కడియం తేడా అంటే దాదాపు 28 మిల్లీమీటర్లు ఉండొచ్చు. అంత తేడా ఉంటే ఎడమ గొలుసు బిగుసుకోవడానికి డోరు ఎడమ మూల 4 సెంటీమీటర్లు కిందికి మెలితిరగాలి.

తర్వాత గొలుసు చివరి కొక్కేన్ని దగ్గరగా చూడండి. కొక్కెం వెల్డింగ్ మీద బాడీ రంగు ఏకంగా కప్పేసి ఉండి, కడియం ఆనే చోట మాత్రమే రాపిడికి రంగు పోయి ఉంటే అది ఫ్యాక్టరీలో పెట్టిన గొలుసే. మీరు మార్చారని ఎవరూ అనలేరు. మాక్రో ఫోటో తీయండి.

చిట్లిన చోట కాస్త కిరోసిన్ గానీ డీజిల్ గానీ రాసి పది నిమిషాలు ఉంచి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. చీలిక ఎంతవరకు పోయిందో సుద్దలో తడి గీతలా తేలుతుంది. పక్కన స్టీలు స్కేలు పెట్టి ఫోటో తీయండి. వెల్డింగ్ ఊడిన చోట కింది రేకు నున్నగా, అసలు కరగనట్టు కనిపిస్తే లోహం కలవలేదన్నమాట. అది వాడకం తప్పు కానే కాదు.

సర్వీస్‌బే

పైన చెప్పింది నిజం. కానీ వర్క్‌షాప్‌లో లెక్కలు చెబితే పని జరగదు, జాబ్‌కార్డులో (బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు షోరూమ్ రాసే చీటీలో) అక్షరాలే పనిచేస్తాయి.

మళ్లీ వెళ్లినప్పుడు జాబ్‌కార్డు తెరిపించండి. కస్టమర్ ఫిర్యాదు గడిలో "డోరు రిపేరు" అని రాయనివ్వకండి. "వెనక డోరు కుడి బందు వెల్డింగ్ 35 మి.మీ., ఎడమ 12 మి.మీ. చిట్లింది, రెండు గొలుసుల పొడవుల్లో తేడా ఉంది, కొన్నప్పటి నుంచి ఇంతే" అని మీ మాటల్లోనే రాయించండి. తేదీ, కిలోమీటర్లు, మీ సంతకం ఉండాలి, కాపీ మీ చేతికి రావాలి. వారంటీ లోపల ఫిర్యాదు నమోదైందని చూపేది ఆ కాపీ ఒక్కటే. 8వ నెలలో నోటితో చెప్పి 13వ నెలలో కాగితం అడిగితే, బుక్‌లెట్‌లో గడువు అప్పటికే దాటిపోయి ఉండొచ్చు.

"వారంటీ రాదు" అంటే, ఏ షరతు ప్రకారం రాదో బుక్‌లెట్‌లో పేజీ చూపించి, జాబ్‌కార్డు మీద రాసి ఇమ్మనండి. చాలాసార్లు ఇక్కడే మాట మారుతుంది. డీలర్ సొంతంగా క్లెయిమ్ తిరస్కరించడం వేరు, ఫోటోలతో కంపెనీకి పంపాక కంపెనీ తిరస్కరించడం వేరు. క్లెయిమ్ పంపారా, నంబరెంత అని అడగండి. పంపకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నంబరు తీసుకుని, కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ తనిఖీ కావాలని ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ వెంటనే "ఇవాళ మీరు ఇలా అన్నారు" అని వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో పెట్టండి.

తనిఖీకి వచ్చేవాళ్లు ముందు చూసేది కమాన్లు, టైర్ల అరుగుదల. యార్డు కాటా చీటీలు ఉంటే అన్నీ తీసి పెట్టుకోండి. ఆర్సీలో ఉన్న మొత్తం బరువు లోపే నడిపారని చూపించడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

బయట వెల్డింగ్ మాత్రం ఇప్పుడే కొట్టించకండి. ఎవరు చెప్పినా సరే. ఒక్కసారి రాడ్డు తగిలితే చీలిక ఎలా మొదలైందో చూపే ఆనవాలు పోతుంది, ఆపైన "బయట మార్పు చేశారు" అనే షరతు మీ మీదికి వస్తుంది. కంపెనీ వెల్డింగ్ చేసిస్తామంటే కూడా ఒప్పుకోవద్దని నా సలహా. పల్చటి రేకు మీద అలసిన చోటే మళ్లీ అతికితే పక్కనుంచి చిట్లుతుంది. కొత్త డోరు, రెండు సమానమైన గొలుసులు అడగండి. గొలుసులు మార్చకుండా డోరు ఒక్కటే మారిస్తే మళ్లీ ఎనిమిది నెలల్లో ఇదే కథ.

ఇంకో ముఖ్యమైన తేడా. మీది కంపెనీ బాడీ కాబట్టి ఇదంతా కుదురుతుంది. క్యాబిన్ ఛాసిస్ కొని బయట బాడీ కట్టించుకున్నవాళ్లకి డోరు మీద కంపెనీ వారంటీ ఉండదు. వాళ్లు బాడీ కట్టినవాళ్ల బిల్లు, వాళ్లు రాసిచ్చిన హామీ చూసుకోవాలి.

డాలస్_ట్రక్

బరువు మోసే చోట చిన్న భాగం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇక్కడ అమెరికాలో జరిగిన సంగతి ఒకటి. 2004లో జనరల్ మోటార్స్ సిల్వరాడో, సియెర్రా లాంటి పికప్‌లను, 2000 నుంచి 2004 మోడళ్లను, సుమారు 40 లక్షల బండ్లను రీకాల్ చేసింది. కారణం డోరుని పట్టుకునే కేబుళ్లే. జింకు పూత స్టీలు కేబుళ్లు తుప్పు పట్టి, డోరు మీద మనుషులు ఉండగా తెగేవి. వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు కేబుళ్లు వేశారు. గొలుసుకి బదులు ప్లాస్టిక్ తొడుగున్న కేబుల్ ఉన్న బండ్లయితే తొడుగు పగిలిన చోట తుప్పు రంగు దిగుతోందేమో చూడండి.

వినియోగదారుపక్షం_హన్మకొండ

ఈమెయిల్‌తో తేలకపోతే తర్వాతి మెట్టు ఇదీ. ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి, ఖర్చు లేదు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, షోరూమ్ ఎక్కడున్నా సరే. డీలర్‌నీ తయారీ కంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. మీరు చెల్లించిన ధర 5 లక్షలు దాటి 10 లక్షల లోపు ఉంటే ఫీజు 200 రూపాయలు, 10 దాటి 20 లక్షల లోపైతే 400. గడువు, వివాదానికి కారణం పుట్టినప్పటి నుంచి రెండేళ్లు.

సరుకు బండి కాబట్టి అవతలివాళ్లు మొదట అనేది "ఇది వాణిజ్య అవసరం, మీరు వినియోగదారు కారు" అని. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్న వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. ఫిర్యాదులో ఆ సంగతి మొదటి పేరాలోనే రాయండి. ఒక్క బండే ఉందని, దానిమీదే కుటుంబం ఆధారపడిందని, మీరే నడుపుతుంటే ఆ విషయం కూడా. ఇది వదిలేసి కేసు పోగొట్టుకోవద్దు.

పరీక్ష చేయకుండా లోపం తేలదంటే సెక్షన్ 38 కింద వస్తువుని ల్యాబ్‌కి పంపే అధికారం కమిషన్‌కి ఉంది. అందుకే డోరు మారిస్తే పాత డోరు ఫోటోలు, వీలైతే డోరే ఉంచుకోవాలి. అదే మోడల్ ఉన్నవాళ్లకి ఇదే చోట చిట్లుతుంటే వాళ్లనీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయమనండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 110ఏ సెక్షన్ ప్రకారం, ప్రమాదకరమైన లోపాన్ని తగినంత మంది యజమానులు నివేదిస్తే ప్రభుత్వం రీకాల్‌కి ఆదేశించగలదు.

మిర్చిలోడ్_నరసరావుపేట

అందరికీ ధన్యవాదాలండీ. కొలిచాను. కుడి గొలుసు 56.5, ఎడమది 59.3. ఎడమదానికి ఒక కడియం ఎక్కువ. రెండు కొక్కేల వెల్డింగ్ మీదా బాడీ రంగు అలాగే ఉంది. సుద్దపొడి వేస్తే కుడి చీలిక 35 కాదు, 41 తేలింది. జాబ్‌కార్డు రాయించాను, తనిఖీకి వారం పడుతుందన్నారు. ఈలోపు లోడు ఆపలేను. ఎలా నడపాలి?

బాడీవర్క్స్_ఆటోనగర్

డోరు మూసి నడపండి, మూసినప్పుడు చిట్లిన చోట పెద్ద బరువు పడదు. సరుకు డోరుకి ఆనకుండా ఒక జానెడు ఖాళీ వదిలి, ఆఖరి వరస టిక్కీల్ని ముందుకి తాడేసి బిగించండి. దించేటప్పుడు ఎవర్నీ డోరు మీద నిలబడనివ్వకండి. గొలుసులు విప్పి డోరుని పూర్తిగా కిందికి వేలాడదీసి, నేల మీద బల్ల వేసుకుని దించుకోమనండి. గొలుసుకి తీగ చుట్టి పొడవు సరిచేయకండి, తనిఖీకి అది ఉన్నదున్నట్టు కనిపించాలి. డోరు దించి సరుకు బయటికి పొడుచుకొచ్చేలా నడిపితే సెక్షన్ 194(1ఏ) కింద 20,000 జరిమానా, పైగా మీ వారంటీ వాదనకీ దెబ్బ.

బలం పెంచడం గురించి అడిగారు. అది వారంటీ ముగిశాక, లేదా కంపెనీ రాసిచ్చిన అనుమతితోనే. అప్పుడు రేకు లోపలివైపు బందు వెనక 3 మిల్లీమీటర్ల ప్లేటు, పట్టీ కంటే అన్ని పక్కలా 50 మిల్లీమీటర్లు పెద్దది, మూలలు గుండ్రంగా కోసి పెట్టించండి. చీలిక ఉంటే ముందు దాని కొసన 4 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి, లేకపోతే ప్లేటు కింద నుంచి పాకుతూనే ఉంటుంది. పల్చటి రేకుకి 0.8 తీగతో సీఓటూ వెల్డింగ్ మంచిది. రాడ్డే అయితే 2.5 మందం, 60 నుంచి 80 ఆంపియర్లు. 3.15 రాడ్డు పెట్టి కాల్చేస్తే రేకు అంచు కరిగి గాడి పడుతుంది, మళ్లీ అక్కడే చిట్లుతుంది. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండి కాబట్టి వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీయూ (ఇంజన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కనెక్టర్లు విప్పి, ఎర్త్ క్లాంపు డోరుకే పెట్టించండి. ఛాసిస్‌కి పెట్టనివ్వద్దు. పని అయ్యాక జింకు ప్రైమర్, ఆపైన రంగు. డోరు కింది మడతలో నీళ్లు పోయే రంధ్రాలు పెయింటుతో మూసుకుపోలేదని చివర్లో సన్నపుల్ల పెట్టి చూసుకోండి.